సబ్‌నాటికా బేస్ బగ్స్: ఏది గేమ్ తప్పు, ఏది మన తప్పు

పోయిన ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "బ్రో, సబ్‌నాటికాలో నా బేస్ లీక్ అవుతోంది, ఇది బగ్గా?" ఇంకొకరు "నా రూమ్‌లో చేప తిరుగుతోంది, ఇది బగ్గా?" అన్నారు. మరొకరు "బేస్‌లో ఉండగానే చచ్చిపోయాను, ఇది కచ్చితంగా బగ్గే" అన్నారు. ఆ మూడో ఆయనకి ప్రత్యేకంగా నమస్కారం. ఎందుకంటే నేను కూడా సరిగ్గా అదే మాట అన్నాను. 47 గంటలు ఆడిన హార్డ్‌కోర్ సేవ్ పోయిన రాత్రి, అర్ధరాత్రి ఒంటిగంటకి, మా తమ్ముడి మీద అరుస్తూ అన్నాను. ఆ కథ చివర్లో చెప్తా. ముందు అసలు విషయం.

గేమ్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సబ్‌నాటికా అన్‌నోన్ వరల్డ్స్ అనే స్టూడియో తీసిన సర్వైవల్ గేమ్. 2014 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది, 2018 జనవరిలో పూర్తి గేమ్‌గా రిలీజ్ అయింది. అరోరా అనే స్పేస్‌షిప్ కూలిపోతుంది, మనం ఒక లైఫ్‌పాడ్‌లో వేరే గ్రహం మీద సముద్రంలో పడతాం. అక్కడ దాదాపు అంతా నీళ్ళే. మొదట్లో మన ఊపిరి 45 సెకన్లు. ట్యాంక్ చేసుకుంటే కొంచెం పెరుగుతుంది. తిండి, నీళ్ళు, ఊపిరి, ఈ మూడు చూసుకుంటూ లోతుకి దిగాలి.

ఇందులో బేస్ అంటే ఏంటి? వేరే సర్వైవల్ గేమ్స్‌లో ఇల్లు అంటే సామాన్లు పెట్టుకునే చోటు. ఇక్కడ బేస్ అంటే గాలి. హ్యాచ్ తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే ఆక్సిజన్ గీత నిండుతుంది, భుజాలు దిగుతాయి, హమ్మయ్య అనుకుంటాం. గేమ్ మొత్తంలో మనం భయపడకుండా నిలబడే చోటు అదొక్కటే. అందుకే బేస్‌లో వచ్చే బగ్ వేరే బగ్స్ లాంటిది కాదు. బయట ఒక చేప రాయిలో ఇరుక్కుంటే నవ్వొస్తుంది. బేస్ గోడ మాయమైతే నవ్వు రాదు.

సరే, ఈ గేమ్‌లో జనం ఎక్కువగా చూసిన బేస్ బగ్స్ ఏంటో, అవి ఎందుకు వస్తాయో ఒక్కొక్కటి చూద్దాం. నేను బీటెక్ చేసి కొన్నేళ్ళు కోడ్ రాసుకుని బతికినవాణ్ణి కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త విప్పి చెప్తాను. భయపడకండి, క్లాస్ పీకను.

మొదటిది, రూమ్‌లో నీళ్ళు కనిపించడం. లీక్ ఏమీ లేదు, కానీ ఒక్క క్షణం గది నిండా సముద్రం మెరిసి మాయమవుతుంది. అసలు రహస్యం ఏంటంటే, గేమ్ లెక్కలో మీ బేస్ లోపల కూడా సముద్రమే ఉంది. గది ఆకారం ఎంత ఉందో అంత మేర నీళ్ళు గీయడం ఆపేస్తారు, అంతే. మనకి పొడి నేలలా కనిపించేది నీళ్ళు గీయని చోటు అన్నమాట. ఆ కత్తిరింపు ఒక్క ఫ్రేమ్ తప్పితే సముద్రం లోపలికి వచ్చినట్టు కనిపిస్తుంది. ఇది చూపు వరకే, ప్రాణం పోదు.

రెండోది, రూమ్‌లో చేప. పీపర్ ఒకటి హాయిగా గాల్లో ఈదుతూ మీ బెడ్ మీదుగా వెళ్తుంది. ఇంత పెద్ద మ్యాప్ మొత్తాన్ని గేమ్ ఒకేసారి మెమరీలో పెట్టుకోదు. మీరు ఎక్కడుంటే ఆ చుట్టుపక్కల ముక్కలు లోడ్ చేస్తుంది, వెనక ముక్కలు వదిలేస్తుంది. మీరు లోతుకి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు నేల, చేపలు, బేస్ అన్నీ మళ్ళీ లోడ్ అవ్వాలి. గోడకంటే ముందు చేప వచ్చిందనుకోండి, దానికి అడ్డేముంది? ఈదుకుంటూ వచ్చేస్తుంది. తర్వాత గోడ వస్తుంది, చేప లోపల ఉండిపోతుంది. కొత్తగా పెళ్ళైన ఇంట్లో దిగిపోయిన చుట్టం లాగా, ఇక కదలదు. పట్టుకుని వండుకోండి, సమస్య తీరింది.

మూడోది, నేల గదిలోకి పొడుచుకు రావడం. సముద్రపు నేల వాక్సెల్స్‌తో, అంటే చిన్న చిన్న ఘనాల లెక్కతో కట్టింది. ఎర్లీ యాక్సెస్ రోజుల్లో టెర్రాఫార్మర్ అనే పనిముట్టు కూడా ఉండేది, దాంతో నేల తవ్వుకోవచ్చు. రిలీజ్‌కి ముందే దాన్ని తీసేశారు. అంటే ఇప్పుడు నేల మీరు చెప్పినట్టు వినదు. గుట్ట మీద కారిడార్ వేస్తే గుట్ట లోపలికి తొంగిచూస్తుంది. దీనికి మందు ఒకటే, ముందు ఫౌండేషన్ వేసి దాని మీద కట్టుకోండి.

నాలుగోది అసలైనది. బేస్ లోపల ఈదడం, బేస్ బయట నడవడం. కారిడార్‌లో ఉన్నారు, కానీ మీ క్యారెక్టర్ చేతులు ఆడిస్తూ ఈదుతోంది. లేదా నేల గుండా జారి బయట పడ్డారు, కానీ సముద్రం అడుగున మెరీనా బీచ్‌లో నడిచినట్టు నడుస్తున్నారు, ఊపిరి కూడా ఆడుతోంది. ఎలా?

ఎందుకంటే మీరు లోపల ఉన్నారా బయట ఉన్నారా అన్నది గేమ్ ప్రతి క్షణం గోడలు కొలిచి తేల్చుకోదు. ఒక చీటీ రాసి పెట్టుకుంటుంది. హ్యాచ్ గుండా లోపలికి వచ్చారా, "ఈయన ఫలానా బేస్‌లో ఉన్నాడు" అని రాసుకుంటుంది. హ్యాచ్ గుండా బయటికి వెళ్ళారా, కొట్టేస్తుంది. మీరు హ్యాచ్ వాడకుండా ఏదో సందులోంచి జారిపోతే చీటీలో పాత మాటే ఉంటుంది. అందుకే నీళ్ళలో నడక. అందుకే దీనికి చాలాసార్లు పనిచేసే చిట్కా కూడా హ్యాచే. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రండి, చీటీ సరైపోతుంది.

మరి ఆ సందు ఎక్కణ్ణుంచి వస్తుంది? బేస్ మొత్తం ఒక గళ్ళ నోట్‌బుక్ లాంటిది. ప్రతి గదీ, కారిడారూ కొన్ని గళ్ళు. మీరు ఒక్క కిటికీ పెట్టినా గేమ్ ఆ కిటికీ ఒక్కటే అతికించదు, బేస్ ఆకారాన్ని మళ్ళీ కట్టుకుంటుంది. బిల్డర్ టూల్ పట్టుకుని మీరు నిలబడ్డ నేలతో సహా అన్నమాట. అందుకే నా సలహా, బేస్‌కి పెద్ద మార్పులు చేసేటప్పుడు ఆ గదిలో నిలబడకండి, ట్యాంక్ నిండుగా పెట్టుకుని బయట నుంచి చేయండి. ఇంటికి స్లాబ్ వేసేటప్పుడు కింద మంచం వేసుకుని పడుకోం కదా.

2022 డిసెంబర్‌లో లివింగ్ లార్జ్ అని పెద్ద అప్‌డేట్ వచ్చింది. రెండో గేమ్ అయిన బిలో జీరో కోసం చేసిన పెద్ద గదుల్లాంటి బేస్ ముక్కలు మొదటి గేమ్‌కి తెచ్చారు, చాలా బగ్స్ కూడా సర్దారు. కాబట్టి పాత వీడియోలు చూసి ఇంకా అన్నీ అలాగే ఉన్నాయనుకోకండి.

ఇప్పుడు రెండో సగం. బగ్ లాగా కనిపించే, కానీ బగ్ కాని సంగతులు.

లీక్ తీసుకుందాం. చాలామంది బగ్ అనుకునేది ఇదే. బేస్‌కి హల్ స్ట్రెంత్ అని ఒక లెక్క ఉంటుంది. బోణీ 10. ప్రతి ముక్కా కొంత తీసుకుంటుంది. మామూలు కారిడార్ 1, గాజు కారిడార్ 2, మల్టీపర్పస్ రూమ్ 1.25, హ్యాచ్ 1, కిటికీ 1, అబ్జర్వేటరీ 3, మూన్‌పూల్ ఏకంగా 5. తిరిగి ఇచ్చేవి మూడు. ఫౌండేషన్ 2 ఇస్తుంది, బల్క్‌హెడ్ 3, రీఇన్‌ఫోర్స్‌మెంట్ 7.

లెక్కేద్దాం. ఒక రూమ్ 1.25, ఒక కారిడార్ 1, ఒక హ్యాచ్ 1, అందంగా ఉంటుందని 4 కిటికీలు 4. మొత్తం 7.25 ఖర్చు, చేతిలో 2.75 మిగిలింది. ఇప్పుడు ఉత్సాహంగా మూన్‌పూల్ పెట్టారు. 5 పోయింది, మైనస్ 2.25. సున్నా కిందకి వెళ్ళింది కాబట్టి గోడలు చిట్లుతాయి, నీళ్ళు వస్తాయి. "మూన్‌పూల్ బగ్ అన్నా" అంటారు. కాదు తమ్ముడూ, నీ కిటికీలు. ఒక్క రీఇన్‌ఫోర్స్‌మెంట్ వేస్తే 4.75కి వస్తుంది. ముందు బలం పెంచండి, తర్వాత రిపేర్ టూల్‌తో చిల్లులు మూయండి, నీళ్ళు దిగిపోతాయి. ఇంకో మాట, 100 మీటర్ల కిందకి దిగేకొద్దీ అదే ముక్క ఇంకా ఎక్కువ తీసుకుంటుంది. పైన నిక్షేపంగా నిలబడ్డ డిజైన్ కింద నిలబడదు.

ఇదంతా గేమ్ చెప్తుందా అంటే, చెప్తుంది. ముక్క కట్టిన ప్రతిసారీ స్క్రీన్ మూల ఎంత తగ్గింది, ఎంత మిగిలింది అని చిన్న అక్షరాల్లో వస్తుంది. మనం చూడం.

చూడం అన్నాను కదా, ఇప్పుడు నా కథ.

హార్డ్‌కోర్ మోడ్ తెలుసు కదా. ఒకే ప్రాణం, పోతే సేవ్ కూడా పోతుంది. పైగా మామూలుగా "ఆక్సిజన్ తగ్గుతోంది" అని వచ్చే హెచ్చరిక ఈ మోడ్‌లో ఉండదు. నేనూ, మా తమ్ముడూ కలిసి ఆడేవాళ్ళం. కంట్రోలర్ నా చేతిలో, వాడు హాస్టల్ నుంచి స్క్రీన్ షేర్‌లో చూస్తూ దారి చెప్పేవాడు. వాడు ఇంజనీరింగ్‌లో చేరాక మేమిద్దరం రోజూ మాట్లాడుకునే సాకు అదొక్కటే. 47 గంటలు. బేస్ గ్రాసీ ప్లేటోస్‌లో, 80 మీటర్ల లోతులో. పవర్ అంతా సోలార్ ప్యానెల్స్ మీదే. ఆ రోజే వాటర్ ఫిల్ట్రేషన్ మెషీన్ కొత్తగా పెట్టాం. ఇక తాగునీటికి తిరగక్కర్లేదని సంబరం.

ముందు రోజు కారిడార్‌లో రెండు సెకన్లు గాల్లో ఈదాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. గోడలో నీళ్ళు మెరిసినప్పుడు కూడా నవ్వుకున్నాం. "ఈ గేమ్ ఇంతేరా" అనేది మాకు ఊతపదం అయిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నారని గేమ్ సౌండ్ మ్యూట్‌లో పెట్టి, తమ్ముడి గొంతు ఒక్కటే వింటున్నా. లాకర్లు సర్దుతున్నా, టైటానియం ఒకవైపు, క్వార్ట్జ్ ఒకవైపు. గదిలో లైట్లు మసకబారాయి. "లైటింగ్ గ్లిచ్ రా" అన్నాను. కాసేపటికి వాడు, "అన్నా, ఆక్సిజన్ 40 చూపిస్తోంది" అన్నాడు.

"బేస్‌లో ఉన్నాం కదరా, అది డిస్‌ప్లే బగ్."

"అన్నా, 25."

"మొన్న కారిడార్‌లో ఈదలేదా? అలాంటిదే."

"అన్నా, 10 అన్నా!"

అప్పుడు పరిగెత్తాను. హ్యాచ్ దాటేసరికి 7. పైకి ఈదుతున్నా, పైన చంద్రుడి వెలుగు కనిపిస్తూనే ఉంది. సగం దారిలో స్క్రీన్ నల్లబడింది. అంతే. హార్డ్‌కోర్ కదా, ఇంకో మాట లేదు.

నేను అరిచిన మొదటి మాట, "బగ్! ఇది బగ్!" వాడు మెల్లగా అన్నాడు, "బ్యాకప్ ఉంది కదన్నా, పెట్టెయ్." ఉంది. ముందు రోజు రాత్రి సేవ్ ఫోల్డర్ కాపీ చేసి పెట్టుకున్నా. కానీ మాకు మేము పెట్టుకున్న రూల్ ఒకటి ఉంది. బగ్ వల్ల చస్తేనే బ్యాకప్, మా తప్పు వల్ల చస్తే లేదు. సరే, బగ్గే అని తేల్చడానికి రికార్డింగ్ పెట్టుకుని కూర్చున్నాం.

లైట్లు మసకబారిన క్షణం దగ్గర ఆపాం. సబ్‌టైటిల్స్ ఆన్‌లోనే ఉన్నాయి. స్క్రీన్ కింద అక్షరాల్లో బేస్ చెప్తోంది, పవర్ అయిపోయింది, ఆక్సిజన్ తయారీ ఆగిపోయింది అని. నేను చూడలేదు, లాకర్‌లో క్వార్ట్జ్ లెక్కపెట్టుకుంటున్నా.

జరిగింది ఇది. సోలార్ ప్యానెల్ రాత్రి పనిచేయదు, లోతుకి వెళ్ళేకొద్దీ పగలు కూడా తక్కువే ఇస్తుంది. ఒక్కో ప్యానెల్ 75 యూనిట్లు దాచుకోగలదు. వాటర్ ఫిల్ట్రేషన్ మెషీన్ గేమ్‌లో కరెంట్ బాగా తాగే యంత్రాల్లో ఒకటి. దాచుకున్నదంతా అది రాత్రి తాగేసింది. పవర్ లేకపోతే బేస్‌లో గాలి పుట్టదు. అది గేమ్ రూల్, మొదటి రోజు నుంచీ ఉన్న రూల్. లైట్లు మసకబారింది గ్లిచ్ కాదు, హెచ్చరిక. బేస్ గొంతుతో చెప్పింది, నేను మ్యూట్ చేశాను. అక్షరాల్లో చెప్పింది, చూడలేదు. తమ్ముడు మూడుసార్లు చెప్పాడు, వినలేదు.

ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బ్యాకప్ ఫోల్డర్ నేనే డిలీట్ చేశాను. వాడు "సరే అన్నా, పడుకో" అని కాల్ పెట్టేశాడు.

ఇక్కడే నాకు పాత ఉద్యోగం గుర్తొచ్చింది. నేను చేసిన ఒక కంపెనీలో రాత్రిళ్ళు సర్వర్ అలర్ట్స్ మా ఫోన్లకి వచ్చేవి. రోజుకి పది వస్తే తొమ్మిది ఉత్తుత్తివే. రెండు నెలలకి అందరం సైలెంట్‌లో పెట్టుకున్నాం. ఒక రాత్రి నిజంగానే డిస్క్ నిండిపోయింది. క్లయింట్ వాళ్ళ జీతాల ఫైల్ ఆగిపోయింది, ఎంతోమందికి జీతం ఒక రోజు లేటు. పొద్దున్న మీటింగ్‌లో నేను, "మేడమ్, ఆ అలర్ట్స్ ఎప్పుడూ అంతే" అన్నాను. మా లీడ్ మేడమ్ ఒకటే అడిగారు. "మోగిందా, లేదా?" మోగింది మేడమ్. "మరి తొమ్మిది ఉత్తుత్తివి వస్తుంటే వాటిని బాగుచేయమని ఎందుకు అడగలేదు?" దానికి నా దగ్గర జవాబు లేదు.

చిన్నప్పుడు చదువుకున్న నాన్నా పులి కథ గుర్తుందా? అందులో పిల్లాడిది తప్పని చెప్తారు. కానీ నిజం పులి వచ్చిన రోజు పోయింది గొర్రెలు, పిల్లాడి అబద్ధాలు కాదు. బగ్ చేసే అసలు నష్టం అక్కడుంది. రూమ్‌లో చేప కనిపించడం నష్టం కాదు. ఆ చేపని చూసి చూసి, చివరికి లైట్లు ఆరినా "ఈ గేమ్ ఇంతేలే" అనుకోవడం నష్టం. చిన్న బగ్స్ వదిలేసే డెవలపర్ తన హెచ్చరికల విలువ తనే తగ్గించుకుంటాడు. అలాగని ప్రతిదానికీ బగ్ అనేసే ఆటగాడు చెవులు మూసుకుని కూర్చుంటాడు. ఆ రాత్రి నేను రెండోవాణ్ణి.

ఇక పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తా. బేస్‌లో ఏదైనా తేడాగా అనిపిస్తే బగ్ అనే ముందు మూడు చూడండి. పవర్ ఎంత ఉంది, హల్ స్ట్రెంత్ ఎంత ఉంది, ఆక్సిజన్ తగ్గుతోందా. ఆక్సిజన్ తగ్గుతుంటే కారణం తర్వాత వెతుక్కోండి, ముందు బయటపడండి. మూడూ బాగుంటే అప్పుడు అది బగ్ కావచ్చు. హ్యాచ్ గుండా ఒకసారి బయటికెళ్ళి రండి, సేవ్ చేసి గేమ్ మళ్ళీ తెరవండి. పీసీలో ఈ గేమ్ దానంతటది సేవ్ చేయదు, మీరే చేయాలి, మర్చిపోకండి. స్టీమ్‌లో ఆడేవాళ్ళు గేమ్ ఫోల్డర్‌లో సేవ్డ్ గేమ్స్ దగ్గర మీ స్లాట్ ఫోల్డర్ వారానికొకసారి కాపీ చేసి పెట్టుకోండి.

నిజంగా బగ్ అని తేలితే రిపోర్ట్ చేయండి. ఎర్లీ యాక్సెస్‌లో ఎఫ్8 నొక్కితే గేమ్‌లోంచే స్టూడియోకి మాట చేరేది, అలాంటి రిపోర్ట్స్ మీదే ఈ గేమ్ బాగుపడింది. "మీ గేమ్ చెత్త" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఎంత లోతులో ఉన్నారు, ఏ ముక్క కట్టారు, దానికి ముందు ఏం చేశారు, మళ్ళీ చేస్తే మళ్ళీ వస్తుందా, ఈ నాలుగూ రాయండి. అవతల కూర్చున్న టెస్టర్‌కి అది బంగారం.

మేమిద్దరం పోయిన ఆదివారం కొత్త హార్డ్‌కోర్ సేవ్ మొదలుపెట్టాం. ఈసారి గేమ్ సౌండ్ ఆన్‌లో ఉంది, ఇయర్‌ఫోన్స్ కొన్నాను. తమ్ముడికి ఒకే డ్యూటీ, పవర్ మీటర్. నిన్న రాత్రి "అన్నా, 60 ఉంది" అన్నాడు. నేనేమీ వాదించలేదు, చేతిలో ఉన్నది అక్కడే పడేసి హ్యాచ్ వైపు వెళ్ళాను. పవర్ తగ్గిందంతే, ప్రమాదం లేదు. వాడు నవ్వాడు. నవ్వనీ.

మీ బేస్‌లో మీరు బగ్ అనుకుని తర్వాత కాదని తెలుసుకున్నది ఏదైనా ఉంటే కింద రాయండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటాను మరి. సోలార్ ప్యానెల్స్ ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.